బొట్టు పెట్టిన కెమెరా

కొత్త లెన్సు కొనాలనుకున్నప్పుడల్లా మా వీధి కుర్రాళ్ళు నా దగ్గరికి వస్తుంటారు. రాగానే ఫోను తీసి ఒక వీడియో చూపిస్తారు. అందులో ఎవరో ఒకాయన ఒకే ఇటుక గోడను రెండు లెన్సులతో తీసి, మూలలు పెద్దవి చేసి, ఇది మెత్తగా వచ్చింది, అది పదునుగా వచ్చింది అని చెబుతుంటాడు. "రెండిట్లో ఏది మేలు సార్?" అని వీళ్ళు నన్ను అడుగుతారు. నాకు తోచింది చెప్పి, టీ తాగించి పంపిస్తాను. వాళ్ళు వెళ్ళాక కాసేపు వరండాలో ఊరికే కూర్చుంటాను. నేనూ ఒకసారి రెండు లెన్సుల బొమ్మలు పక్కపక్కన పెట్టి చూశాను. ఆ రోజు పుట్టిన వణుకు ఇప్పటికీ నా ఒంట్లో ఎక్కడో ఉంది. అడిగినవాళ్ళకు అక్కడక్కడా చెప్పాను గాని, మొదటి నుంచి చివరిదాకా ఎవరికీ చెప్పలేదు. చెప్పబోతే గొంతు ఆరిపోయేది. రాయడమైతే మధ్యలో లేచి మంచినీళ్ళు తాగి రావచ్చు కదా అని ఇప్పుడు రాస్తున్నాను.

నేను నల్లమల అంచున అడవి ఆఫీసులో కెమెరాల పని చేసి రిటైరయ్యాను. అంతకుముందు ఆత్మకూరులో పెళ్ళి ఫోటోలు తీసేవాణ్ణి. పెళ్ళికూతుళ్ళను వదిలి పులుల మీద పడ్డావేమిటని అందరూ వేళాకోళం చేసేవారు. నిజానికి పులుల ఫోటోలు నేను తీసేవాణ్ణి కాదు, అవే తీసుకునేవి. చెట్టుకు కట్టిన పెట్టెలాంటి కెమెరా ముందు ఏది కదిలినా దానంతట అదే బొమ్మ పడుతుంది. ఆ కార్డులు తెచ్చి, కంప్యూటరులో వేసి, ఇది ఫలానా పులి, ఇది ఫలానా చిరుత అని గుర్తుపట్టడం నా పని. మన వేలిముద్రల్లాగే ఏ చిరుత మచ్చలు దానివే. ఒకే చిరుతకు కుడి పక్క మచ్చలు ఒక రకం, ఎడమ పక్కవి ఇంకొక రకం. పెళ్ళి ఫోటోల్లో మేనత్తలను గుర్తుపట్టడం కంటే ఇదే తేలిక అనిపించేది.

ఇంకొక మాట కూడా ముందే చెప్పేస్తాను. నాకు పులన్నా, చిరుతన్నా చచ్చేంత భయం. అన్నేళ్ళు ఆ కొలువు చేసినా అది తగ్గలేదు. తెర మీద ఎంత పెద్దదాన్నైనా చూస్తూ కూర్చునేవాణ్ణి గాని, అడవిలోకి పోవాలంటే నా ముందొకరు, వెనకొకరు నడవాల్సిందే. "నడిమధ్య సారు" అని వాచర్లు నాకు పేరు పెట్టారు. నా వెనకే అనుకునేవారు గాని, అది నా చెవిన పడుతూనే ఉండేది. నేను పట్టించుకోలేదు. ప్రాణం కంటే పేరు ఎక్కువ కాదు.

ఆ ఏడు దసరా వెళ్ళాక, మహానంది దగ్గర ఒక ఊళ్ళో కుక్కలు మాయమవుతున్నాయని కబురొచ్చింది. ఆ ఊరి అరటి తోటలు అడవిని ఆనుకునే ఉంటాయి. తోట గట్టు మీద రాయి పాతి మా కెమెరా ఒకటి కట్టాం. మా దగ్గర అప్పుడు రెండు రకాల కెమెరాలు ఉండేవి. పాతవి బరువుగా, పెద్ద లెన్సుతో ఉండేవి. కొత్తవి చిన్నవి, చవకవి. గట్టు మీద కట్టింది కొత్తరకం.

కార్తీకమాసం వచ్చింది. మహానందికి జనం విరగబడి వచ్చే రోజులు, సత్రాల భోజనాలకు అరటాకులు ఎన్ని కోసినా చాలవు. ఆకులు కోసే ఆడవాళ్ళు వెలుగు సరిగా రాకముందే తోటల్లోకి దిగేవారు. వాళ్ళలో ఒక తల్లీ కూతురూ ఉన్నారు. ఆ పొద్దున తల్లి ఇవతలి సాలులో కోస్తోంది, కూతురు అవతలి సాలులో కోస్తోంది. ఇద్దరూ ఏదో మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఉన్నట్టుండి కూతురు మాట ఆగిపోయింది. తల్లి రెండుసార్లు పిలిచింది. పలక్కపోయేసరికి ఆకులు పక్కకు తోసి చూసింది. ఏం చూసిందో నేను రాయను.

గట్టు మీది కెమెరాలో ఆ పొద్దుటి బొమ్మ ఒకటి పడింది. ఆ కూతురు పోవడానికి కాస్త ముందు ఒక చిరుత గట్టు దాటి తోటలోకి దిగుతోంది. కుడి పక్క కనిపిస్తోంది. బొమ్మ మాత్రం మసకగా ఉంది.

ఆ తర్వాత ఆ ఊరు ఊరులా లేదు. పట్టపగలే తలుపులు మూసుకునేవారు. చెంబు పట్టుకుని బయటికి పోవాలంటే పదిమంది కలిసి పళ్ళేలు వాయించుకుంటూ పోయేవారు. బడి మూతబడింది. తోటల్లో గెలలు మాను మీదే పండి, చిలకల పాలయ్యాయి. మిగిలిన కుక్కలను ఇళ్ళల్లోకి తీసుకుని తలుపు గడియ పెట్టుకున్నారు. మా బస ఊరి చివర పాత బంగళాలో. స్నానాల గది కిటికీకి గడియ లేదు. నేను అక్కడ ఉన్నన్నాళ్ళూ స్నానం చేసినంతసేపూ కిటికీ వైపే చూస్తూ చేశాను, ఒక్కసారి కూడా ముఖానికి సబ్బు పెట్టుకోలేదు.

తోటకు ఇవతల బోను పెట్టి, లోపల మేకను కట్టాం. ఒక పొద్దున బోను తలుపు పడింది. ఊరంతా టపాకాయలు కాల్చారు. బోనును ట్రాక్టరు మీద బంగళా ఆవరణలోకి తెచ్చి, పైన టార్పాలిన్ కప్పాం. బయట జనం గేటును ఊపేస్తున్నారు. కొంతమంది దాన్ని బోనుతో సహా తగలబెట్టమంటున్నారు. మా రేంజరు రాయచోటి వైపు మనిషి, నాకంటే వయసులో చాలా చిన్న, మంచివాడు. ఆయన బల్ల ఎక్కి, "సాయంత్రం దాకా ఎవురూ తోటల్లోకి పోవద్దు. మా ఫోటో సారు చూసి, అదే అని చెప్తేనే పోవాల" అని అరిచి చెప్పాడు. అందరూ నా వైపు తిరిగారు.

గేటు పక్కన ఆ తల్లి నిలబడి ఉంది. నాకంటే కొంచెం పెద్దదై ఉంటుంది. నన్ను చూసి దగ్గరికి వచ్చింది.

"ఏమప్పా పొటో సారూ, అదేనా?"

"ఇంకా చూడాలక్కా."

"బాగా సూడు. ఈళ్ళందురూ అదే అదే అంటాండారు. నాకు ఈళ్ళ మాట వద్దు. నువ్వు చెప్తేనే నేను తోటకు పోయేది."

"ఇప్పుడు తోటలో ఏం పనక్కా నీకు? ఆకులు ఎవరైనా కోస్తారు."

"ఆకుల కోసరం గాదు నాయనా. నా బిడ్డ కొడవలి ఆడనే పడుండాది. బిడ్డను మోసుకోనొచ్చిరి గానీ, దాన్ని ఎవురూ తేలా. నేను పోయి తెచ్చుకోవాల."

"సరే అక్కా. నేను చెప్పేదాకా పోవద్దు."

"పోను. నీ మాట వచ్చేదాంక పోను" అంది.

బంగళాలో కంప్యూటరు ముందు కూర్చున్నాను. పొద్దున బోనులో ఉన్న చిరుతను పాతరకం కెమెరాతో తీసిన బొమ్మ ఒక పక్క పెట్టాను. గట్టు మీది మసక బొమ్మ ఇంకో పక్క పెట్టాను. రెండూ కుడి పక్కవే. రెండు అరటిపండ్లు ఒకే తొక్కలో అతుక్కుని పుడతాయి చూడండి, జంటపండు అని ఆడపిల్లలను తిననివ్వరు. బోనులోని చిరుతకు భుజం వెనక రెండు పెద్ద మచ్చలు అచ్చం జంటపండులా అతుక్కుని ఉన్నాయి. గట్టు మీది బొమ్మలో ఆ చోటే మసకలో రెండు నల్లటి ముద్దలు ఉన్నాయి. వాటి మధ్య సన్నగా ఒక తెల్లని సందు ఉంది. మిగతా మచ్చలు ఒకదానితో ఒకటి కలిసిపోయి, ఏ చిరుతకైనా సరిపోయేలా ఉన్నాయి.

రేంజరు నా భుజం మీదుగా చూశాడు. "ఏం కనపడుతుందన్నా ఈ ఫోటోలో? పాలల్లో ముంచి తీసినట్టుండాది."

"సందు కనిపిస్తోంది సార్. బోనులోదానికి సందు లేదు."

"ఆ చవక కెమెరాను నమ్ముకోని, ఇది కాదు అని నేను బయటికి పోయి చెప్పల్లనా? జీపు తగలబెడతారు. మనల్ని కూడా." ఆయన ఫోను అప్పటికే ఆగకుండా మోగుతోంది. పైనుంచి అడిగేవాళ్ళు, ఊరి నుంచి అడిగేవాళ్ళు. "లెన్సు తేడానో, చిరుత తేడానో తేల్చన్నా ముందు."

తేల్చడానికి నాకు తెలిసిన దారి ఒకటే. రెండు కెమెరాలను ఒకే దూరంలో, ఒకే వెలుతురులో, ఒకే వస్తువు ముందు పెట్టి చూడాలి. ముందు తుపాకీ గార్డు, వెనక వాచరు, నడుమ నేను నడిచి, గట్టు మీది కెమెరాను విప్పుకొచ్చాం. బంగళా గోడకు తెలుగు క్యాలెండరు వేలాడుతోంది. లెన్సును పరీక్షించడానికి అంతకంటే మంచిది నాకు ఇంతవరకు దొరకలేదు. పెద్ద అంకెలు ఉంటాయి, వాటి కింద చిన్న అక్షరాల్లో తిథి ఉంటుంది, ఇంకా చిన్న అక్షరాల్లో వర్జ్యం ఉంటుంది. ఎక్కడిదాకా చదవగలిగితే ఆ లెన్సు అంత మంచిదన్నమాట. నడుమ ఎలా ఉంది, అంచుల్లో ఎలా ఉంది అన్నది కూడా ఆ ఒక్క కాగితం మీదే తేలిపోతుంది.

పాత కెమెరా బొమ్మలో నడుమ వర్జ్యం కూడా చదవగలిగాను. అంచుల్లో మాత్రం తిథి దాకే. కొత్త కెమెరా బొమ్మలో నడుమ కూడా అంకెలే కనిపించాయి. వాటి చుట్టూ తెల్లటి పొగ కమ్మినట్టుంది. చవక లెన్సు అయినా ఇంత అధ్వాన్నంగా ఉండదు. ఆ రకానివే ఇంకో నాలుగు కెమెరాలు నేను వాడాను, వాటిలో తిథి చక్కగా చదవొచ్చు. కెమెరాను వెలుతురుకు ఎత్తి, అద్దాన్ని ఏటవాలుగా చూశాను. అద్దం మీద నూనె జిడ్డు. దాని అంచున పలచగా ఎర్రగా ఏదో చారిక ఉంది.

"దీనికి ఏం పూశారు?" అన్నాను.

వాచరు తల గోక్కున్నాడు. మంచి మనిషి, పనిమంతుడు, ఈ కెమెరాలు కట్టేది ఆయనే. "బొట్టు పెట్టినా సార్" అన్నాడు.

"ఏం పెట్టినావు?"

"ఆయుధ పూజనాడు సార్. జీపుకు పెట్టినాం, తుపాకులకు పెట్టినాం, బోనుకు పెట్టినాం. దీనికి మటుకు పెట్టకపోతే బాగుండదని, గంధం పూసి కుంకుమ పెట్టినా. దీని మొగం యాడుందో నాకు తెల్దు సార్. ఈ గాజే మొగమేమో అనుకున్యా. కట్టేటప్పుడు నీళ్ళతో తుడిస్తే పోలా, కొబ్బరి నూనె వేసి తుడిసినా."

ఇంకెప్పుడైనా అయితే నేను పొట్ట పట్టుకుని నవ్వేవాణ్ణి. అప్పుడు నవ్వు రాలేదు. రేంజరుకు మాత్రం ఒక్కసారిగా ఊపిరి వచ్చింది. "అయితే ఈ ఫోటో లెక్కలోకి రాదన్నా! లెన్సే చెడిపోయుంటే ఇంకేం సందు, ఏం మచ్చలు? బోనులో ఉండేదే అది." చెప్పొద్దూ, నాకూ ప్రాణం లేచొచ్చింది. అదే అయితే ఆ సాయంత్రమే బస్సెక్కి ఇంటికి పోవచ్చు. గడియ లేని కిటికీ బాధ ఇంక ఉండదు. వాకిట్లో నిలబడి వింటున్న మా డ్రైవరు అప్పటికే గేటు వైపు పరుగెత్తాడు. కాసేపటికే బయట పలక డప్పులు మోగాయి.

రేంజరు ఆ ఊపులోనే వాచరు మీద పడ్డాడు. "నీ బొట్టు చూడు ఎంత పని చేసిందో! ఒక మచ్చను రెండు చేసి పెట్టింది. ఇంత సేపూ మా పానాలు తీసినావు."

వాచరు తలొంచుకునే గొణిగాడు. "ఎండకు బొట్టు కరిగితే మొగమంతా అవుతాది సార్. పోతే పూర్తిగా పోతాది. ఒక బొట్టు రెండు బొట్లు యాడన్నా అయితాదా?"

తిట్టబోయిన రేంజరు నోరు తెరిచే ఉంది. ఆయన నన్ను చూశాడు, నేను ఆయన్ను చూశాను. ఇద్దరం ఒకేసారి కంప్యూటరు మీదికి వంగాం.

క్యాలెండరు మసక బొమ్మను పెద్దది చేశాను. పదకొండో తేదీలోని రెండు ఒకట్లు కలిసిపోయి ఒకే లావుపాటి గీత అయ్యాయి. ఎనిమిదిలోని రంధ్రాలు పూడుకుపోయాయి. తిథులన్నీ ఒకదానిలో ఒకటి కరిగి చారలయ్యాయి. ఒకటో తేదీ మాత్రం ఒకటిగానే ఉంది. లావైంది గాని చీలలేదు. బొమ్మంతా వెతికాం. విడిగా ఉన్నవి కలిశాయి గాని, కలిసి ఉన్నది ఏదీ విడిపోలేదు. మసకకు కలపడమే తెలుసు.

గట్టు మీది బొమ్మలో, అంత మసకలోనూ, ఆ రెండు మచ్చల మధ్య సందు మిగిలే ఉంది. అంటే నిజంగా ఆ సందు నేను చూసినదానికంటే ఇంకా పెద్దదే.

రేంజరు కుర్చీలో కూలబడ్డాడు. "ఇంకొక్కసారి చూద్దామన్నా" అన్నాడు. గొంతులో గదమాయింపు లేదు, బతిమాలినట్టుంది. "ఇదే కెమెరాను తుడవకుండా బోను ముందు పెడదాం. అప్పుడు కూడా అతుక్కునే కనపడితే ఇంక నాకు ఏ అనుమానమూ ఉండదు."

ఆ పని నేనే చేయాలి. స్టూలు మీద కెమెరా పెట్టి, గట్టు మీద ఉన్నంత దూరంలోనే ఉందా అని చూసుకున్నాను. గార్డు టార్పాలిన్ ఒక పక్క ఎత్తాడు. చిరుత మూలకు నక్కి ఉంది. ఎండ పడగానే ఒక్క దూకు దూకింది. బోనంతా నా మీదికి వచ్చినట్టనిపించింది. ఇనుప చువ్వలు మోగాయి. దాని నోటి వేడి నాకు తగిలిందని ఇప్పటికీ అనుకుంటాను గాని, అంత దూరానికి తగిలే వీలు లేదు. స్టూలును గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. నేను కళ్ళు మూసుకున్నా కెమెరా మూసుకోదు కాబట్టి బొమ్మ పడింది.

చూశాం. మసక బొమ్మ. భుజం వెనక జంటపండు ఇంకా లావుగా, ఒకే ముద్దగా ఉంది. సందు లేదు.

"ఇది కాదు" అన్నాడు రేంజరు.

"కాదు సార్."

"మరి అది?"

బయట పలకల మోత ఇంకా వినిపిస్తూనే ఉంది. మేము బొమ్మ చూస్తుండగా గేటు వైపు పోయిన వాచరు అప్పుడే పరుగెత్తుకొచ్చాడు.

"సార్, ఆయమ్మ తోటకు పోయిందంట. శానామంది పోయినారు. పొటో సారు చూసినాడు, అదే అని చెప్పినాడు అని మన డ్రైవరు చాటినాడంట!"

నా నోటి నుంచి రాని మాట నా పేరుతోనే ఊళ్ళోకి పోయింది. ఆ తల్లి నా మాట కోసమే ఆగింది. నా మాట అనుకునే పోయింది. రేంజరు గేటు దగ్గర జనాన్ని ఆపి చెప్పడానికి పరుగెత్తాడు, గార్డులను ఆయన వెంట ఉంచుకోక తప్పలేదు. నేను చేతిలో ఉన్న కెమెరాను సంచిలో వేసుకుని, వాచరు బండి వెనక ఎక్కాను. ఎలా ఎక్కానో నాకు గుర్తులేదు.

తోట దగ్గర బండి ఆపగానే వాచరు, "నేను ఆ తట్టు నుంచి అందరినీ బయటికి తోలుకొస్తా. మీరు ఈ గట్టు మీద ఉండి ఆయమ్మను పిలవండి సార్" అంటూ పోయాడు. గట్టు మీద నేను ఒక్కణ్ణే మిగిలాను. నా ముందు ఎవరూ లేరు, వెనకా ఎవరూ లేరు.

పగలే. ఎండ ఉంది. అయినా అరటి తోటలో నాలుగు బారల అవతల ఏముందో కనిపించదు. ఎండుటాకులు ఒకదానికొకటి రాసుకుంటూ మనుషులు గుసగుసలాడినట్టు చప్పుడు చేస్తున్నాయి. కాలువలో నీళ్ళు పారుతున్నాయి. చిలకలు లేవు. గెలలు పండి వాసన వస్తున్నాయి, ఇంతకుముందు వాటి మీద గోల చేసిన చిలకలు ఒక్కటీ లేవు. ఏదో వాటిని లేపి తరిమిందన్నమాట.

"అక్కా!" అని పిలిచాను. పలకలేదు. ఆమె కూతుర్ని పిలిచినప్పుడు కూడా ఇలాగే ఉండి ఉంటుందనిపించింది. మళ్ళీ పిలిచాను. ఆ పిలుపు నాకే ఎవరిదో గొంతులా వినిపించింది.

"ఈడుండా" అని సాలు లోపలి నుంచి వచ్చింది.

"బయటికి రా అక్కా. అది కాదు. బోనులో ఉన్నది అది కాదు."

"నువ్వు చెప్పినావంటనే?" అంది.

"నేను చెప్పలేదక్కా. నేను చూశాను. ఇది వేరేది. రా, నీకు దండం పెడతా."

"కొడవలి అగుపడలా. ఈ పిలకల కాడనే యాడో ఉంటాది. దాన్ని తీసుకోకుండా నేను రాను."

లోపలికి పోయి ఆమె చెయ్యి పట్టుకుని లాక్కురావాలి. ధైర్యం ఉన్నవాడైతే అదే చేసేవాడు. నా కాళ్ళు గట్టు దిగలేదు. చేతులకు ఏదో ఒక పని కావాలి. వాటికి తెలిసిన పని ఒకటే. సంచిలోంచి కెమెరా తీశాను. జేబులో ఎప్పుడూ ఉండే మెత్తటి గుడ్డతో అద్దం మీది జిడ్డు, కుంకుమ చారిక శుభ్రంగా తుడిచాను. దాని రాతికి దాన్ని కట్టి, పట్టీ బిగించాను. ఆ సమయంలో ఆ పని ఎందుకు చేశావని అడిగితే, భయానికి అనే చెప్తాను. పెళ్ళిళ్ళలో కూడా గొడవ జరిగితే నేను ముందు లెన్సే తుడిచేవాణ్ణి.

ఆకులు కదిలాయి. ఆమే. చేతిలో తుప్పు పట్టిన కొడవలి ఉంది. దాన్ని చంటిబిడ్డను పట్టుకున్నట్టు రొమ్ముకు ఆనించుకుని ఉంది.

"దొరికిండాది. పా, పోదాం" అంది.

ఆమె ముందు నడిచింది, నేను వెనక నడిచాను. నా వెనక ఎవరూ లేరన్న సంగతి నా వీపంతటికీ తెలుస్తూనే ఉంది. కాలువ దాటేచోట ఏదో చప్పుడైనట్టు అనిపించి నేను ఆగబోయాను. ఆమె తిరగకుండానే అంది, "యెనక్కి సూడాకప్పా. సూస్తే కాళ్ళు రావు."

నేను చూడలేదు. నా జీవితంలో పెద్దవాళ్ళ మాట తు.చ. తప్పకుండా విన్నది అప్పుడే. రోడ్డు మీద వాచరు, మిగతా ఆడవాళ్ళు అప్పటికే నిలబడి ఉన్నారు. ఎవరికీ ఏమీ కాలేదు. అక్కడికి చేరి నేను మైలురాయి మీద కూర్చుని, చాలాసేపు లేవలేకపోయాను.

మర్నాడు గార్డులతో పోయి గట్టు మీది కెమెరా కార్డు తెచ్చి చూశాను. మొదటి బొమ్మలో ఆమె, కొడవలి, ఆమె వెనక నేను ఉన్నాం. తర్వాతి బొమ్మలో మా వీపులు దూరంగా చిన్నగా కనిపిస్తున్నాయి. గట్టు మీద, మేము నడిచిన చోటే, చిరుత ఉంది. తల దించుకుని మా వెంటే నడుస్తోంది. కుడి పక్క కనిపిస్తోంది. అద్దం తుడిచి ఉంది కదా, ఒక్కొక్క వెంట్రుకా లెక్కపెట్టవచ్చు. భుజం వెనక రెండు మచ్చలు, వాటి మధ్య వేలు పట్టేంత సందు. అంత మంచి బొమ్మ నా కొలువు మొత్తంలో పడలేదు. చూడగానే లేచిపోయి, గడియ లేని ఆ కిటికీ ఉన్న గదిలోనే వాంతి చేసుకున్నాను.

కొన్నాళ్ళకు ఆ గట్టు మీదే పెట్టిన బోనులో అది పడింది. ఆ రెండు మచ్చలు పోల్చడానికి ఈసారి క్యాలెండరు అక్కర్లేకపోయింది. దాన్ని జనం లేని చోటికి తరలించారు. మొదటిదాన్ని, ఏ పాపమూ ఎరగనిదాన్ని, మళ్ళీ అడవిలో వదిలేశారు. డ్రైవరును ఎవరూ ఏమీ అనలేదు. అనడానికి మాలో ఎవరికీ నోరు రాలేదు, ఆయన చెప్పింది మేమందరం వినాలనుకున్న మాటే కదా. వాచరు ఆ తర్వాతి దసరాకు కెమెరాలకు బొట్టు పెట్టడం మానలేదు. పెట్టెకు వీపు పక్క పెట్టాడు.

ఆ రెండో బొమ్మ ఆమెకు చూపించకూడదని అనుకున్నాను. వాచరు నోరు ఆగలేదు. ఒకరోజు ఆమె బంగళాకు వచ్చి, "నా పొటో పడిందంటనే, సూపీ నాయనా" అంది. మొదటి బొమ్మ ఒక్కటే చూపిద్దామనుకున్నాను గాని, ఆమె ముఖం చూశాక అబద్ధమాడలేకపోయాను. ఫోనులో రెండోది తీసి ఆమె చేతికిచ్చాను.

చాలాసేపు చూసింది. "ఇది నేను. ఇది నువ్వు" అంది. చిరుత దగ్గర వేలు ఆగింది. "నా బిడ్డ యెనకాల గూడా ఇట్లనే వచ్చింటాది కదప్పా. నేను పక్క సాలులోనే ఉంటిని. మాట్లాడతానే ఉంటిని."

ఆమె కొంగు చివర వేలికి చుట్టుకుని, మా ఇద్దరికీ తగలకుండా, మా వెనక ఉన్నదాన్ని మాత్రం మెల్లగా తుడవసాగింది. రుద్దినప్పుడల్లా బొమ్మ కొంచెం పక్కకు జరిగేది. వేలు తీయగానే మళ్ళీ తన చోటికి వచ్చేది.